ఎనిమిదో నెల డబ్బా

డబ్బాలమ్మ వీధిలోకి వస్తోందంటే గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు కొందరు నవ్వుకునేవారు, కొందరు ముక్కు చిట్లించేవారు. ఆమె ఉద్యోగం అలాంటిది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, మూతకే చిన్న చెంచా అతికించి ఉన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, మర్నాడు పొద్దున్నే వచ్చి, అందులో పడవలసింది పడిందో లేదో చూసుకుని, భుజానికి వేలాడే ఐసు పెట్టెలో సర్దుకుని పోవడం. కాన్పులయ్యాక పసిపిల్లల గుడ్డల్లోంచి కూడా అంతే. మొదట్లో ఆమెకే తల కొట్టేసినట్టుండేది. పోనుపోను సిగ్గు పోయి, ఆ ఖాళీలోకి కాస్త గర్వం వచ్చి కూర్చుంది. తల్లి పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కడుపులోని బిడ్డకి రోగాన్ని తట్టుకునే శక్తి ఎలా నేర్పుతాయో పెద్ద డాక్టరుగారు పరిశోధన చేస్తున్నారు. ఆ పరిశోధనంతా తన భుజం మీది పెట్టెతోనే నడుస్తోందని డబ్బాలమ్మ లోలోపల అనుకుంటూ ఉండేది. ఆ గర్వమే ఓ ఇంటిని అల్లకల్లోలం చేసింది.

గురువారం పొద్దున ఆమె కండక్టరు ఇంటి తలుపు తట్టేసరికి లోపల పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కండక్టరంటే సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టే అమ్మాయి. బిడ్డకి మూడో నెల నడుస్తోంది. సెలవు అయిపోవచ్చింది, సోమవారం డ్యూటీలో చేరాలి. ఆమె అత్తగారు ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, జనం తెచ్చిన బట్టల్ని వదులు చేసో బిగించో ఇస్తూంటుంది. పేటలో అందరికీ ఆవిడ టైలరమ్మ. శుభ్రం విషయంలో ఆవిడకి కొంచెం పిచ్చి కూడా ఉందని చెప్పుకుంటారు. దారప్పోగు నేల మీద పడితే అది తీసేదాకా ఇంకో కుట్టు పడదు.

తలుపు తెరిచే ఉంది. టైలరమ్మ మిషను తొక్కుతోంది. పసిపిల్ల ఏడుపు ఇంకో మెట్టెక్కింది. ఆవిడ కాలు ఆగింది. లేచి మధ్యగుమ్మం దాకా వెళ్ళింది. తలుపు చెక్క పట్టుకుని లోపలికి తొంగిచూసింది. అక్కణ్ణించే వెనక్కి వచ్చి, మూలనున్న కొళాయి తిప్పి, సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కుని, మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

"కోడలు స్నానం చేస్తోంది. వచ్చేస్తుంది, కూర్చో," అంది డబ్బాలమ్మని చూసి.

డబ్బాలమ్మ కూర్చోలేదు. చరచరా లోపలికి వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. పిల్ల బుగ్గలు రెండూ ఎర్రగా పేలిపోయి ఉన్నాయి. మోచేతి మడతల్లోనూ మోకాళ్ళ వెనకా పొక్కులు, గీరుకున్న గీతలు. తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుంటూ కండక్టరు పరుగెత్తుకొచ్చింది. పిల్లని అందుకుని పాలకి పెట్టుకుంది. ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగింది.

డబ్బాలమ్మ చేతులకి గ్లవుజులు తొడుక్కుని, పక్కకి తీసిపెట్టిన గుడ్డలోంచి చెంచాతో కావలసినంత తీసి, మూత బిగించి, నంబరు రాసి పెట్టెలో పెట్టింది. ఎన్ని వందలసార్లు చేసిందో ఆ పని. అయినా ఆ రోజు మూత సరిగ్గా పడక రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది.

"అక్కా, నేను సోమవారం చేరట్లేదు," అంది కండక్టరు. బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతు ఆమెది. ఇప్పుడు పక్కనున్న మనిషికే సరిగా వినపడలేదు. "ఉద్యోగం మానేస్తున్నా."

"అదేంటి? మీ అత్తగారు చూసుకుంటారని మీరేగా చెప్పారు?"

"చూసుకునేది. పుట్టిన కొత్తలో నా చేతికిచ్చేది కూడా కాదు. స్నానం ఆవిడే, జోకొట్టడం ఆవిడే, పాలకి తప్ప నాతో పనే లేదు పిల్లకి. ఇప్పుడు ముట్టుకోదు. పక్కనించి వెళ్తే చాలు చేతులు కడుక్కుంటుంది, నా పిల్లేదో మురికైనట్టు. అడిగితే, ఎవరినైనా మనిషిని పెట్టుకో అంటుంది. మూడు నెలల పిల్లని ఊరూ పేరూ తెలీని మనిషికి అప్పజెప్పి నేను టిక్కెట్లు కొట్టనా?"

"ఎప్పట్నించి ఇలా?"

కండక్టరు తల దించుకుని పిల్ల బుగ్గ కేసి చూసింది. "మీరు ఆ మాట చెప్పి వెళ్ళిన రోజు నుంచి."

ఆ మాట ఏదో డబ్బాలమ్మ అడగక్కర్లేదు. కిందటి నెల ఆఫీసులో ల్యాబు మనిషి కంప్యూటరులో రంగురంగుల పట్టీలు చూస్తుంటే ఆమె అతని భుజం మీంచి చూసింది. ఒక్కో తల్లికీ ఒక్కో పట్టీ. చాలావాటిలో బోలెడు రంగులున్నాయి. ఒకదాంట్లో మాత్రం రెండుమూడు రంగులే. "ఇందులో రకాలు తక్కువ," అన్నాడతను. అది కండక్టరు నంబరని ఆమె గుర్తుపట్టింది. ఇవేవీ ఇళ్ళకి చేరవేయకూడదని ఉద్యోగంలో చేరిన రోజే గట్టిగా చెప్పారు. కానీ ఆ మర్నాడు ఇదే గుమ్మంలో టైలరమ్మ, "మన డబ్బా ఏం చెప్పిందమ్మా?" అని అడిగింది. అన్నీ తెలిసిన మనిషిలా కనపడాలన్న యావ ఆగనివ్వలేదు. రకాలు తక్కువగా ఉన్నాయటండీ అనేసింది. తక్కువైతే పిల్లకి ఏమవుతుందని ఆవిడ అడిగితే, బట్టీపట్టిన పాఠం మొత్తం అప్పజెప్పింది. తల్లి పేగుల్లో రకరకాల క్రిములుంటేనే బిడ్డ ఒంట్లో కాపలా బలంగా తయారవుతుందనీ, లేకపోతే దద్దుర్లూ ఉబ్బసాలూ వస్తాయనీ, కాన్పయ్యాక కూడా ఇంట్లోవాళ్ళ చేతుల మీదుగా, ముద్దుల మీదుగా వాళ్ళ క్రిములు పిల్లలకి చేరుతూనే ఉంటాయనీ చెప్పింది. తలుపు వెనక కండక్టరు నిలబడి ఉన్న సంగతి చూసుకోలేదు.

"ఎనిమిదో నెల దాకా పని చేశాను," అంది కండక్టరు. "డ్యూటీలో ఎక్కడ ఆగితే అక్కడ దొరికింది తిన్నాను. ఆకలేస్తే తిన్నాను, అంతే. లోపల ఏ క్రిములు పెరుగుతున్నాయో నాకేం తెలుసక్కా? ఆవిడ నోరు తెరిచి తిట్టినా బాగుండును. ఏమీ అనదు."

ముందుగదిలో మిషను గడగడలాడుతూనే ఉంది. డబ్బాలమ్మ బయటికి వస్తూ టైలరమ్మ కేసి ఒక్క చూపు చూసింది. కోడలి కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే సూదిలో దారం ఎక్కించుకుంటున్న ఆ మనిషి మీద ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తన మీద మండవలసింది ఇంకా ఎక్కువ ఉందని తెలుసు కాబట్టి, ముందు ఆవిడ మీద మండించుకుంది.

*

శుక్రవారం ఆఫీసులో ఆమె కాలు నిలవలేదు. పెట్టెలు కడిగింది, కడిగినవి మళ్ళీ కడిగింది. పెద్ద డాక్టరు గది ముందు నుంచి అటూ ఇటూ తిరిగి, చివరికి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"మేడమ్, ఊరికే అడుగుతున్నా. ఒక తల్లికి రకాలు తక్కువ అనుకోండి. ఆమె బిడ్డకి ఒళ్ళు పేలింది. దానివల్లే ఇది అని చెప్పొచ్చా?"

పెద్ద డాక్టరు పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. రాస్తున్న కలం ఆపకుండానే జవాబు చెప్పింది. "చెప్పకూడదు. ఆ క్రిములు తయారుచేసే పదార్థాలు తల్లి రక్తంలో కలిసి బిడ్డ దాకా పోతాయి, అక్కడ ఏదో నేర్పుతాయి, అంతవరకూ నమ్మకంగా అనిపిస్తోంది. కానీ ఒక్క తల్లినీ ఒక్క బిడ్డనీ పక్కపక్కన కూర్చోబెట్టి నీవల్ల దీనికి అనడానికి లేదు. వందలమందిని కలిపి చూస్తే ఎటో ఒకవైపు మొగ్గు కనిపిస్తుంది. రకాలు తక్కువున్న తల్లుల పిల్లలు ఎంతమందో గుండ్రాళ్ళలా తిరుగుతున్నారు. ఒళ్ళు పేలడానికి సవాలక్ష కారణాలు. కొన్ని వంశంలోనే వస్తాయి." అప్పుడు కలం ఆగింది. "ఎందుకడుగుతున్నావు? ఎవరికైనా ఏమైనా చెప్పావా?"

"లేదు మేడమ్," అంది డబ్బాలమ్మ. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"చెప్పిన మనిషిని పనిలో ఉంచను. తెలుసుగా?"

తెలుసు. ఆ సాయంత్రం ఆమె దిగవలసిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచింది. ఇంట్లో కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. తాళాలు బాగుచేసే భర్త ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, "సముద్రం ఇంటికొచ్చిందేంటి ఇవాళ?" అన్నాడు. ఆమె నవ్వలేదు. అతను కంచం ముందునుంచి లేవకుండా కాసేపు చూసి, "ఏదో బిగుసుకుపోయింది నీకు. చెప్పకపోతే ఎలా తీస్తాను?" అన్నాడు. చెప్పేసింది. అంతా విని అతను గడ్డం గోక్కున్నాడు. "ముసలావిడ దగ్గరికే వెళ్ళి మాట్లాడు. కోడలి తప్పేం లేదని నీ నోటితో నువ్వే చెప్పు," అన్నాడు. వినడానికి చాలా సులువుగా ఉంది.

*

శనివారం ఆమెకి సెలవు. పని మీద తొడుక్కునే కోటు చేతులు పొడుగయ్యాయన్న వంక పెట్టుకుని టైలరమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడ టేపు తీసి కొలిచి, సుద్దతో గీత గీసి, కుట్లు విప్పడం మొదలుపెట్టింది. దగ్గరగా కూర్చుంటే ఆవిడ చేతులు కనిపించాయి. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి సన్నగా నెత్తురు ఊరుతోంది. గుడ్డకి అంటకుండా రెండు వేళ్ళకి కాగితం చుట్టుకుంది.

కండక్టరు సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చింది. "అక్కా, పిల్ల పడుకుంది. మందుల షాపు దాకా వెళ్ళొస్తా. కాస్త చూస్తుంటారా?" అంది.

పక్కనే అత్తగారు కూర్చుని ఉండగా పరాయిమనిషిని అడిగింది. టైలరమ్మ తల ఎత్తలేదు. బ్లేడు మాత్రం కుట్టు మీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. కండక్టరు చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా డబ్బాలమ్మ కూర్చుని, ఆ తర్వాత ఇక ఆగలేకపోయింది.

"పెద్దమ్మా, మీరేమనుకున్నా సరే, ఒక మాట అంటాను. మీ కోడలి తప్పేమీ లేదు. నేనేదో తెలిసీ తెలియక వాగాను. దాన్ని పట్టుకుని మీరు ఆ పిల్లని అలా సాధించడం ఏం బాగుందండీ? పసిదాన్ని కూడా ముట్టుకోకుండా..."

"ఎవర్ని సాధించాను?" అంది టైలరమ్మ.

"మీ కోడల్ని. తన పొట్ట మంచిది కాదని, దానివల్లే పిల్లకి ఇలా అయిందని మీకు కోపం. అందుకేగా ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తోంది?"

టైలరమ్మ చేతిలో బ్లేడు కింద పెట్టింది. ముఖంలో రంగు మారిపోయింది. "అలా అందా అది? నాకు దాని మీద కోపమని?" 

"అనక? మరి ఇంకేమనుకుంటుంది?"

"దాన్ని నేనెప్పుడేమన్నాను?"

"ఏమీ అనకపోవడమే కదా పెద్దమ్మా!"

ఆవిడ విప్పిన దారప్పోగుల్ని ఒక్కొక్కటే ఏరి గుప్పిట్లో పోగుచేసుకుంది. నేల మీద ఒక్క పోగు కూడా మిగల్లేదని చూసుకున్నాక, గుప్పిట కేసి చూస్తూ అంది: "ఆ డబ్బా కోడలిది కాదు. నాది."

డబ్బాలమ్మకి అర్థం కాలేదు.

"ఎనిమిదో నెలలో నువ్వు ఇచ్చి వెళ్ళావు చూడు, ఆ డబ్బా. కోడలు పొద్దున్నే చెయ్యాల్సింది చేసి, బాత్రూములో గూట్లో పెట్టి డిపోకి వెళ్ళిపోయింది. 'అత్తయ్యా, ఆవిడొస్తే ఇచ్చెయ్యండి' అని చెప్పే వెళ్ళింది. నేనేదో ధ్యాసలో బాత్రూము కడుగుతూ, ఈ కంపేంటని ఆ డబ్బా కూడా కడిగేశాను. తళతళలాడేలా కడిగి బోర్లించాక గుర్తొచ్చింది, అదేమిటో. గుండె ఆగిపోయిందనుకో. అప్పుడే నువ్వు తలుపు కొట్టావు. ఎండలో పడి వచ్చావు. పరిశోధన అంటివి, డాక్టరుగారంటివి. వచ్చిన మనిషిని ఖాళీ చేతులతో ఎలా పంపను?"

"అందుకని..."

"ఒకే కుండలో వండుకున్న అన్నం తింటున్నాం. ఒకే కొళాయి నీళ్ళు తాగుతున్నాం. దాని పొట్టయితేనేం, నా పొట్టయితేనేం అనుకున్నాను. నిన్ను కాసేపు కూర్చోమని, నీళ్ళిచ్చి వెళ్ళాను, గుర్తుందా?"

గుర్తుంది. నీళ్ళు తాగి, ఫ్యాను కింద కూర్చుని, మర్యాద తెలిసిన ఇల్లు అనుకుంది కూడా. డబ్బాలమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. రెండేళ్ళ ఉద్యోగంలో చాక్లెట్టు కరిగించి ఇచ్చినవాళ్ళని చూసింది, మట్టి పెట్టి ఇచ్చినవాళ్ళని చూసింది. మొహమాటానికి ఇచ్చిన మనిషిని ఇదే మొదటిసారి చూడడం. కోటు అంచు నోట్లో కుక్కుకుని నవ్వింది. టైలరమ్మ నవ్వడం లేదని చూసి ఆగింది.

"నీకు నవ్వులాటగా ఉంది," అంది టైలరమ్మ. "పుట్టినప్పుడు ఆ పిల్ల ఒంటి మీద మచ్చ లేదు. నేనే స్నానం చేయించాను. నేనే ఎత్తుకుని తిరిగాను. ముద్దులకి అంతే లేదు. చూస్తూండగానే బుగ్గలు పేలిపోయాయి. ఎందుకో అర్థం కాక కొట్టుకుంటుంటే నువ్వొచ్చి చెప్పావు. ఆ డబ్బాలో మంచివి లేవన్నావు. చేతుల మీదుగా పిల్లలకి చేరతాయన్నావు. ఆ డబ్బా ఎవరిదో నాకు తెలుసు కదా? వాడికీ, అదే, నా కొడుక్కీ, చిన్నప్పుడు ఇలాగే ఒళ్ళంతా పేలిపోయేది. పుండ్లు పడి ఏడ్చేవాడు. ఎండ వేడి అనుకున్నాం, దిష్టి అనుకున్నాం. అప్పుడూ నేనేనన్నమాట. కడుపులో పెట్టుకుని మోసి, నేనే ఇచ్చానన్నమాట వాడికి."

ఆవిడ లేచి గుప్పిట్లో పోగుల్ని చెత్తబుట్టలో వేసి, కొళాయి దగ్గరికి వెళ్ళి సబ్బు తీసుకుంది. డబ్బాలమ్మ వెళ్ళి ఆ చేతులు పట్టుకుంది.

"కడక్కండి పెద్దమ్మా. చేతులు చూడండి ఎలా అయ్యాయో. అది అలా కాదు. మేడమ్ చెప్పారు, ఒక్క మనిషిని చూసి ఏమీ తేల్చలేమట. రకాలు తక్కువైతే విషమని కాదు. ఆ రంగుల పట్టీ చూసి నాకేదో తెలిసిపోయిందనుకున్నాను, అంతే. నాకేమీ తెలీదు."

టైలరమ్మ చేతులు విడిపించుకుంది. "అప్పుడూ నువ్వే చెప్పావు. ఇప్పుడూ నువ్వే చెప్తున్నావు. ఏ మాట నమ్మను?"

లోపల పిల్ల లేచింది. ముందు కుంయ్ మంది, తర్వాత గట్టిగా అందుకుంది.

"వెళ్ళు," అంది టైలరమ్మ.

డబ్బాలమ్మ కదల్లేదు. ఏడిస్తే ఆవిడే వెళ్తుందని, వెళ్ళి తీరాలని, మొండిగా కూర్చుంది. టైలరమ్మ మధ్యగుమ్మం దాకా వెళ్ళింది. తలుపు చెక్క పట్టుకుంది. పిల్ల గుక్క తిప్పుకోలేకపోతోంది.

"నీకు దణ్ణం పెడతాను, వెళ్ళి ఎత్తుకోమ్మా," అంది వెనక్కి తిరగకుండానే.

డబ్బాలమ్మ లేచి వెళ్ళి ఎత్తుకుంది. తను ఏం చేసిందో, ఎంత దూరం చేసిందో, అప్పుడు పూర్తిగా తెలిసింది. గడప అవతల నిలబడి టైలరమ్మ, "తల కింద చెయ్యి పెట్టు... అలా కాదు, కుడివైపు తిప్పి భుజాన వేసుకో, దానికి కుడివైపే ఇష్టం," అని చెబుతూ ఉండిపోయింది.

కండక్టరు మందు కొనుక్కుని వచ్చే వేళయింది. వెళ్ళేముందు డబ్బాలమ్మ అడిగింది: "పెద్ద డాక్టరుగారే చెబితే నమ్ముతారా?"

"ఆవిడ చెబితే వింటాను," అంది టైలరమ్మ. "ఆవిడెందుకు చెబుతుంది నాకు?"

*

ఆదివారం మధ్యాహ్నం దాకా డబ్బాలమ్మ ఫోను చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే రేపు ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. అంతకంటే, ఆ ముసలిచేతులు పగిలిపోతూనే ఉంటాయి. చెప్పులేసుకుని వీధిలోకి వచ్చి, నడుస్తూ నడుస్తూ, టైలరమ్మ వీధి మొదట్లో ఆగి పెద్ద డాక్టరు నంబరు నొక్కింది.

అంతా చెప్పింది. పట్టీ చూసిన దగ్గర్నుంచి శుక్రవారం ఆడిన అబద్ధం దాకా ఏదీ దాచలేదు. డబ్బా కడిగేసిన సంగతి దగ్గరికి వచ్చేసరికి అవతల ఒక చిన్న శబ్దం వినిపించింది. నవ్వో విసుగో తెలియలేదు.

"ఆ నంబరు లెక్కలోంచి మొత్తం తీసేయాలి," అంది పెద్ద డాక్టరు చివరికి. "ఇంకెన్ని ఇళ్ళలో ఇలా జరిగిందో చూసుకోవాలి. నువ్వు నా దగ్గర అబద్ధమాడావు."

"అవును మేడమ్."

"రేపు పదిన్నరకి రా. పెట్టె తీసుకురా."

"సరే మేడమ్."

"ఆవిడకి ఫోనివ్వు."

"నేనింకా వీధిలోనే ఉన్నాను మేడమ్."

"అయితే నడువు. నేను లైన్లో ఉంటాను."

డబ్బాలమ్మ నడవలేదు, పరుగెత్తింది. టైలరమ్మ ఫోను అందుకుని, చెవికి జానెడు దూరంలో పట్టుకుని నిలబడింది. డాక్టరు మాటలు గదిలోకి సగం సగం వినిపిస్తున్నాయి. ఆవిడ ఊఁ అంది. మళ్ళీ ఊఁ అంది. "నా కొడుక్కి కూడా ఇంతేనండీ," అంది. కొంతసేపు విని, "అంటే వంశంలో ఉండొచ్చంటారు. తప్పని కాదంటారు," అంది. మళ్ళీ విని, "ఖచ్చితంగా తెలీదా? మీక్కూడా తెలీదా?" అంది ఆశ్చర్యంగా. ఆ మాట విన్నాకే ఆవిడ భుజాలు కొంచెం కిందికి దిగాయి. "మరి ముట్టుకుంటే..." అని అడిగి, జవాబు వింటూ అలాగే గోడకి ఆనుకుంది.

కండక్టరు పిల్లని భుజాన వేసుకుని మధ్యగుమ్మంలోకి వచ్చింది. "ఎవరు ఫోన్లో? ఏమైంది?"

టైలరమ్మ ఫోను డబ్బాలమ్మకి ఇచ్చేసి కోడలి కేసి తిరిగింది. దొంగతనం ఒప్పుకుంటున్న మనిషిలా నిలబడి మొత్తం చెప్పింది. గూట్లో డబ్బా, కొళాయి, తలుపు చప్పుడు. నీ పొట్ట గురించి ఎవరికీ ఏమీ తెలీదమ్మా, ఆ మాటలన్నీ నా పొట్ట గురించి, అంది.

డబ్బాలమ్మ, ఆ అమ్మాయి నవ్వుతుందనుకుంది. లేదా అత్తగారిని పట్టుకుని ఏడుస్తుందనుకుంది. కండక్టరు రెండూ చేయలేదు. బస్సులో గొంతు బయటికి వచ్చింది.

"ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకుంటూ చచ్చాను! పిల్లకి పాలిచ్చేటప్పుడల్లా విషం పోస్తున్నానేమో అనుకున్నాను! ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయేది?"

"చెబితే, నావల్లే పిల్లకి ఇలా అయిందని నువ్వు నన్ను..."

"నేను మిమ్మల్ని ఏం చేస్తాననుకున్నారు? ఏం చేస్తాననుకున్నారు చెప్పండి!"

జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ చప్పుడు గట్టిగా వినిపించింది. టైలరమ్మ ఆ తలుపు కేసి చూస్తూ నిలబడిపోయింది. డబ్బాలమ్మకి అక్కడ ఇంకేం చేయాలో తోచలేదు. మెల్లగా చెప్పులు తొడుక్కుని బయటపడింది. నిజం చెబితే అంతా చక్కబడుతుందని ఎవరన్నారో గానీ, వాళ్ళని ఒకసారి ఆ గుమ్మంలో నిలబెట్టాలనిపించింది.

*

సోమవారం పొద్దున ఆమె పెట్టె తుడిచి, భుజాన వేసుకుని, ఆఫీసుకి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని టిక్కెట్టు కోసం చెయ్యి చాపింది. ఎదురుగా కండక్టరు.

"ఎక్కడికి?" అంది కండక్టరు, ముక్కూ మొహం తెలీనట్టు.

"ఆఫీసుకే. పిల్ల..."

"ముందుకి జరగండమ్మా, మధ్యలో నిలబడకండి!" అని వెనక్కి అరుచుకుంటూ వెళ్ళిపోయింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. యూనిఫాం మీద తువ్వాలు ఒకటి అడ్డంగా కప్పుకుంది. పాలు చేపుకొచ్చి ముందంతా తడిసిందని ఆడవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. పిల్లని ఎవరి దగ్గర పెట్టిందో అడగడానికి డబ్బాలమ్మకి ధైర్యం చాలలేదు.

టైలరమ్మ వీధి స్టాపులో బస్సు ఆగింది. చూస్తే, స్తంభం పక్కన టైలరమ్మ. భుజాన, కుడివైపుకి తిప్పి, పిల్ల. ఎర్రటి బుగ్గ ఆవిడ మెడకి అతుక్కుని ఉంది. దద్దుర్లు ఎక్కడికీ పోలేదు, నిన్నటికంటే ఇంకాస్త ఎర్రగానే ఉన్నాయి. పగిలిన వేళ్ళు పిల్ల వీపు మీద ఆడుతున్నాయి.

కండక్టరు దిగి, మాట్లాడకుండా ఇద్దర్నీ ఎక్కించి, ముందుసీటులో కూర్చుని, తువ్వాలు అడ్డుపెట్టుకుని పిల్లని పాలకి పెట్టుకుంది. డ్రైవరు ఇంజను ఆపి, వార్తాపత్రిక తీశాడు. టైలరమ్మ డబ్బాలమ్మ పక్కన కూలబడింది.

"పొద్దున్న చీకటితో లేచి, తయారై, ఒక్క మాట లేకుండా పిల్లని తెచ్చి నా ఒళ్ళో పడేసి పోయింది," అంది గుసగుసగా. "ఈ వేళకి స్టాపుకి తెమ్మని మా వాడితో చెప్పించింది. నాతో మాట్లాడదట." అని, కాసేపాగి, "నీ ఉద్యోగం ఏమంటున్నారు?" అని అడిగింది.

"పెట్టె తెమ్మన్నారు."

"నావల్లే."

"నా నోటివల్ల పెద్దమ్మా. మీ డబ్బా ఏం చేసింది పాపం."

వెనకసీటు పెద్దమనిషి గడియారం చూసుకుని, ఇదేమన్నా ఇల్లనుకున్నారా బస్సనుకున్నారా అని సణిగాడు. పాలు తాగి పిల్ల కళ్ళు మూసింది. టైలరమ్మ లేచి వెళ్ళి అందుకుంది. మెలకువ వస్తుందేమోనని కింద మెట్టు దిగడానికి భయపడి, అలాగే తిరిగొచ్చి సీటులో కూర్చుండిపోయింది. కండక్టరు బొత్తాలు సరిచేసుకుని, సంచీ సర్దుకుని, ఎదురుగా వచ్చి నిలబడింది.

"టిక్కెట్టు," అంది అత్తగారితో.

నిన్న తలుపు వేసుకున్నాక ఆవిడతో ఆడిన మొదటి మాట అది. టైలరమ్మ బిత్తరపోయి చూసింది. "చేతిలో పిల్ల ఉంది కదే. ఎలా తీయను?"

కండక్టరు టిక్కెట్టు చింపి, పిల్ల గుప్పిట్లో దోపి, తన జేబులోంచి చిల్లర తీసి సంచీలో వేసింది. దోపుతూ దోపుతూ పిల్ల వీపు మీదున్న ఆ పగిలిన వేళ్ళని చూసింది. మందుల షాపులో పిల్ల కోసం కొన్న ట్యూబు బ్యాగులోంచి తీసి, మూత విప్పి, ఏమీ అనకుండా ఒక్కో కణుపుకీ రాసింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి విజిలూదింది. నిద్రపోతున్న పిల్ల లేవకుండా ఎంత మెల్లగా ఊదిందంటే అది డ్రైవరుకి వినపడలేదు. బస్సు కదల్లేదు. అతను పత్రిక చదువుకుంటూనే ఉన్నాడు. డబ్బాలమ్మకి పదిన్నర దాటిపోతోంది. "కాస్త గట్టిగా ఊదండమ్మా!" అని వెనకనుంచి జనం అరిచారు. కండక్టరు వాళ్ళ కేసి తిరిగి వేలు పెదవి మీద పెట్టుకుని, మళ్ళీ అంతే మెల్లగా ఊదింది.